పునాదిలోని దోషము: కెర్నెల్‌ను ఆపి చూచు విధానము

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము ఏడున్నర గంటల ప్రాంతమున ములుగు జిల్లాలో భూమి కంపించినది. తీవ్రత 5.3 అని లెక్కించిరి. హైదరాబాదు వరకు ఆ కదలిక తెలిసినది. అట్టి ఉదయమున గాని కాలి క్రింది నేల మనకు జ్ఞాపకమునకు రాదు. ఆ జిల్లాలోనే పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయము కలదు. చూడబోయినవారు స్తంభములను, మదనికలను చూచి ఆనందింతురు. ఆ బరువునంతటిని మోయుచున్న ఇసుక పునాదిని మాత్రము ఎవరును చూడరు. అది కంటికి కనబడదు.

కంప్యూటరులో కూడ ఇట్టి కనబడని పునాది ఒకటి కలదు. దానికి కెర్నెల్ అని పేరు. గోడకు పగులు వచ్చినచో మేస్త్రి నేలపై నిలబడి దానిని బాగుచేయును. నేలయే కదలినప్పుడు ఆ మేస్త్రి ఎక్కడ నిలబడవలెను? కెర్నెల్‌లోని దోషమును వెదకువారికి ఎదురగు మొదటి ప్రశ్న ఇదియే. దానికి దొరికిన సమాధానమును, ఆ సమాధానమునకు గల హద్దులను ఈ వ్యాసములో తెలిసికొందము.

పప్పు, పెంకు

కెర్నెల్ అనగా గింజలోని పప్పు. కంప్యూటరును నడపు ఆపరేటింగ్ సిస్టములో నడిమి భాగమగుటచే దీనికి ఆ పేరు వచ్చినది. మనము ఆజ్ఞలు వ్రాసి ఇచ్చు పై భాగమును షెల్, అనగా పెంకు, అందురు. ప్రాసెసరును ఏ ప్రోగ్రామునకు ఎంతసేపు ఇయ్యవలెను, మెమరీలో ఎవరికి ఎంత చోటు ఇయ్యవలెను, డిస్కు, కీబోర్డు మొదలగు పరికరములతో ఎట్లు మాటలాడవలెను – ఈ నిర్ణయములన్నియు కెర్నెల్ చేయును. పై ప్రోగ్రాములు తమంతట తాము డిస్కును తాకజాలవు. కెర్నెల్‌ను అడిగి పని చేయించుకొనవలసినదే.

1991లో ఫిన్లాండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి లినక్స్ అను కెర్నెల్‌ను వ్రాసి వెలువరించెను. నేడు దాని మూలపాఠము మూడు కోట్ల పంక్తులను మించినది. అందులో అత్యధిక భాగము సీ భాషలో నున్నది. ఎవరైనను దానిని ఉచితముగా తెచ్చుకొని చదువవచ్చును, మార్చవచ్చును. కనుకనే ఈ వ్యాసమున లినక్స్‌ను ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

ఒక తెలుగు అక్షరము చేసిన పని

పై ప్రోగ్రాములోని దోషమునకు, కెర్నెల్‌లోని దోషమునకు గల భేదమును మన అక్షరమే ఒకటి చక్కగా చూపినది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము గల సందేశము వచ్చినచో ఐఫోనులలో సందేశముల ప్రోగ్రాము కూలిపోవుచున్నదని లోకమంతట తెలిసినది. సామాన్యముగా మనము వ్రాయు ‘జ్ఞా’ వలన ఏ చిక్కును లేదు. ‘జ్ఞ’ తరువాత, దీర్ఘమునకు ముందు, కంటికి కనబడని ఒక చిహ్నము చేరినప్పుడే ఈ చిక్కు కలిగెడిది. అక్షరములు ఒకదానితో ఒకటి కలియకుండ చేయుటకు ఆ చిహ్నమును ఏర్పరచిరి. అక్షరములను తెరపై పేర్చు భాగము ఆ వరుసను చూచి తడబడెను. ఐఓఎస్ 11.2.5లో నున్న ఈ దోషమును ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న వెలువరించిన 11.2.6లో సరిదిద్దినది.

ఇచట గమనింపవలసిన విషయము ఒకటి యున్నది. ఆ అక్షరము ప్రకటనగా వచ్చినచో ఫోను ముఖపత్రమును చూపు ప్రోగ్రాము కూడ కూలుచుండెను. అయినను క్రింద కెర్నెల్ చెక్కుచెదరలేదు. కూలిన ప్రోగ్రామును మరల లేపుటకు, కూలిన చోటును వ్రాసి పెట్టుటకు క్రింద ఒకరు మిగిలియుండిరి. కెర్నెలే తప్పు చేసినచో దాని క్రింద లేపువారెవరును లేరు. యంత్రము స్తంభించును, చేయుచున్న పని పోవును, ఒక్కొక్కప్పుడు డిస్కుపై నున్న సమాచారము కూడ చెడును. ఆసుపత్రి యంత్రములు, రైల్వే సంకేతములు, బ్యాంకు లెక్కలు కెర్నెల్‌ల మీదనే నడచుచున్నవి గనుక ఇది చిన్న విషయము కాదు.

రాతికొక అంకె

దోషమును వెదకు పనిముట్టును డీబగ్గర్ అందురు. బగ్ అనగా పురుగు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు మార్క్–2 యంత్రములో చిక్కుకొనిన ఒక చిమ్మటను తీసి, పని పుస్తకములో అంటించిరి. అయితే యంత్రదోషమును పురుగు అనుట అంతకు ముందునుండియు వాడుకలో నున్నదే.

మనము సీ భాషలో వ్రాసినదానిని ప్రాసెసరు చదువజాలదు. కంపైలర్ అను ప్రోగ్రాము దానిని అంకెల వరుసగా మార్చును. ఈ మార్పులో మనము పెట్టిన పేర్లు, పంక్తుల సంఖ్యలు అన్నియు రాలిపోవును. కనుక యంత్రము ఆగిన చోటు ఏదని విచారించినచో ఒక పెద్ద చిరునామా మాత్రమే దొరకును. మూడు కోట్ల పంక్తులలో అది ఏ పంక్తియో తెలియదు.

హనుమకొండలోని వేయిస్తంభముల గుడి కల్యాణ మండపము కథ ఇచట సహాయపడును. శిథిలమైన ఆ మండపమును 2006 ప్రాంతమున పురావస్తు శాఖవారు విప్పిరి. విప్పునప్పుడు రాళ్ళకు అంకెలు వేసి, ఏ రాయి ఎచ్చటిదో గుర్తులు వ్రాసికొనిరి. ఆ అంకెలే లేకున్నచో అది రాళ్ళ గుట్టగా మిగిలెడిది. అవి యుండుటచేత క్రొత్త పునాదిపై మండపము మరల లేచి, 2024 మార్చిలో భక్తులకు తెరువబడినది.

కంపైలర్‌ను కోరినచో అదియు ఇట్టి గుర్తుల పుస్తకమును వ్రాసి ఇచ్చును. ఈ చిరునామా ఫలానా ఫైలులో ఫలానా పంక్తికి చెందినది. ఈ చోట నున్న అంకె ఫలానా పేరుగల చరరాశి – ఇట్లు లక్షల కొలది గుర్తులందు ఉండును. ఈ గుర్తులను చేతబట్టుకొని, అంకెలను చూపుటకు మారుగా మనము వ్రాసిన పంక్తినే చూపు డీబగ్గరును మూలపాఠ డీబగ్గర్ అనవచ్చును. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ వ్రాసిన జీడీబీ అట్టివానిలో ప్రసిద్ధమైనది. లినక్స్‌ను నిర్మించునప్పుడు గుర్తులతో కూడిన ‘వీఎంలినక్స్’ అను పెద్ద ఫైలు ఏర్పడును. యంత్రములో నడచునది దానినుండి కుదించి తీసిన చిన్న రూపము. పెద్దదానిని పరిశోధకుడు తన యొద్ద ఉంచుకొనవలెను.

ప్రాసెసరును ఆపుట

గుర్తులున్న చాలదు, నడచుచున్న ప్రోగ్రామును కోరిన పంక్తి యొద్ద ఆపవలెను. ఇందుకు వాడు ఉపాయము మిక్కిలి సులభమైనది. ఇంటెల్ తరగతి ప్రాసెసరులలో 204 అను అంకెకు ‘ఆగి తెలుపుము’ అని అర్థము. మనము 47వ పంక్తి యొద్ద ఆపుమని కోరినచో డీబగ్గర్ గుర్తుల పుస్తకములో ఆ పంక్తి చిరునామాను చూచి, అచటి బైటును తన యొద్ద దాచుకొని, దాని స్థానమున 204 వ్రాయును. ప్రాసెసరు అచటికి వచ్చి ఆగును. మనము చూడవలసినది చూచిన తరువాత డీబగ్గర్ పాత బైటును తిరిగి పెట్టి నడక సాగించును. దీనిని బ్రేక్‌పాయింట్, అనగా నిలుపు గుర్తు, అందురు.

సామాన్య ప్రోగ్రామును ఇట్లు ఆపినప్పుడు డీబగ్గర్ తానును ఒక ప్రోగ్రామే. అది కెర్నెల్‌ను అడిగి పక్క ప్రోగ్రాము మెమరీని చూచుచుండును. ఆపబడినది కెర్నెలే అయినచో డీబగ్గర్ ఎవరిని అడుగవలెను? తెరపై ఒక అక్షరము చూపుటకు కూడ కెర్నెల్ కావలెను గదా! కూర్చున్న కొమ్మను నరికికొనినట్లగును.

రెండవ యంత్రము

సమాధానము: పరిశోధకుడు ఆ నేలపై గాక మరియొక నేలపై నిలబడవలెను. రెండు కంప్యూటరులను ఒక తీగతో కలుపుదురు. ఒకదానిలో పరీక్షింపవలసిన కెర్నెల్ నడచును. రెండవదానిలో జీడీబీ, మూలపాఠము, గుర్తుల ఫైలు ఉండును. మొదటి యంత్రపు కెర్నెల్‌లో కేజీడీబీ అను చిన్న భాగమును ముందే చేర్చి పెట్టుదురు. నిలుపు గుర్తు తగిలినంతనే ఆ భాగము తక్కిన ప్రాసెసరులనన్నిటిని ఆపి, తీగను మాత్రము కనిపెట్టుకొని యుండును. “ఈ చిరునామానుండి ఇన్ని బైట్లు పంపుము”, “రిజిస్టర్ల విలువలు పంపుము”, “ఒక అడుగు వేయుము”, “సాగిపొమ్ము” అను కొద్దిపాటి ఆజ్ఞలు దానికి తెలియును. తెలివి యంతయు రెండవ యంత్రములోనే యుండును. ఇబ్బందిలో నున్న కెర్నెల్‌పై ఎంత తక్కువ భారము పెట్టిన అంత మేలు. కేజీడీబీ చాలకాలము లినక్స్ వెలుపల ఉండి, 2008లో 2.6.26వ రూపమున లినక్స్‌లో చేరినది.

రెండు యంత్రములు లేనివారికి మరియొక త్రోవ కలదు. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో వెలువరించిన క్వెము అను ప్రోగ్రాము ఒక కంప్యూటరులోనే మరియొక కంప్యూటరును కల్పించును. ప్రాసెసరు, మెమరీ, డిస్కు అన్నియు లెక్కలతో చేసిన బొమ్మలే. కాని లోపల నడచు కెర్నెల్‌కు ఆ భేదము చిక్కు కలిగింపదు. క్వెములో జీడీబీతో మాటలాడు ద్వారము ముందే యున్నది. ఆజ్ఞాపించినచో ఆ బొమ్మ యంత్రము మొదటి అడుగు కూడ వేయక ముందే ఆగి, మన మాట కొరకు వేచియుండును. లోపలి కెర్నెల్ కూలినను బయటి యంత్రమునకు ఏమియు కాదు. ఇవన్నియు ఉచితములే గనుక సామాన్యమైన కంప్యూటరు ఒకటి యున్న పాఠశాలలో కూడ ఈ ప్రయోగము చేయవచ్చును.

ఒక ఉదాహరణము

లక్నవరము వంటి ఒక చెరువులో నీటి మట్టమును తెలుపు పరికరమును కంప్యూటరునకు తగిలించిరని ఊహింతము. దానిని నడపుటకు కెర్నెల్‌లో ఒక చిన్న భాగము, అనగా డ్రైవర్, వ్రాసిరి. అందు ‘కొలత’ అను సూచిక కలదు. అది మెమరీలో ఒక చోటును చూపుచుండును. ఆ చోట మొదటి 8 బైట్లలో వేళయు, ఆ తరువాత నీటి మట్టమును ఉండును. ‘చదువు’ అను ప్రమేయము మట్టమును అడిగినవారికి ఇచ్చును. పరికరమును ఊడదీసినచో ‘తీసివేయు’ అను ప్రమేయము నడచును.

ఒకనాడు కెర్నెల్ కూలినది. “8వ చిరునామాను చదువ యత్నించితిని” అని తెరపై చెప్పినది. ఈ చిన్న అంకెయే మొదటి ఆధారము. కెర్నెల్ వాడు చిరునామాలు మిక్కిలి పెద్ద అంకెలు. 8 వాటిలో నుండదు. సూచిక 0 అయి, దానికి 8 బైట్ల తరువాత నున్న మట్టమును అడిగినచో చిరునామా 8 అగును. కనుక ‘కొలత’ శూన్యమై యుండవలెనని డీబగ్గరును తెరువక ముందే ఊహింపవచ్చును.

ఇప్పుడు క్వెములో అదే ప్రయోగమును మరల చేసి జీడీబీని తగిలింతము. కూలిన చిరునామా ‘చదువు’ ప్రమేయములోని 47వ పంక్తి యని అది చూపును. ‘కొలత’ విలువను అచ్చువేయుమన్నచో 0 అని చెప్పును. ఊహ నిజమైనది. ఎవరు ఎవరిని పిలువగా ఇచటికి వచ్చితిమని అడిగినచో వరుసను చూపును: పై ప్రోగ్రాము అడుగగా ఫైళ్ళ విభాగము, దాని పిలుపుపై ‘చదువు’. ఇందులో తప్పేమియు లేదు. అనగా కూలినది 47వ పంక్తిలోనే గాని, తప్పు చేసినది అది కాదు.

మరి సూచికను 0 చేసినది ఎవరు? ఇందుకు వేరొక పనిముట్టు కలదు. ఇంటెల్ తరగతి ప్రాసెసరులో నాలుగు చిరునామాలను కనిపెట్టి యుండు ఏర్పాటున్నది. ఆ చోట ఎవరైనను క్రొత్త విలువను వ్రాసినంతనే ప్రాసెసరు ఆగును. దీనిని కావలి గుర్తు అనవచ్చును. ‘కొలత’కు కావలి పెట్టి యంత్రమును మొదటినుండి నడిపింతము. మొదటిమారు ఆగినప్పుడు విలువ 0 నుండి ఒక పెద్ద చిరునామాగా మారినది. పరికరమును తగిలించినప్పటి మార్పు గనుక సాగిపొమ్మందుము. రెండవమారు ‘తీసివేయు’లోని 82వ పంక్తి యొద్ద ఆగినది. పరికరమును ఊడదీయగా ఆ పంక్తి సూచికను 0 చేసినది. ఫైలును అంతకు ముందే తెరచి యుంచిన ప్రోగ్రాము ఆ తరువాత వచ్చి మట్టమును అడిగినది. కథ తేలినది.

విద్యార్థి వెంటనే 46వ పంక్తిగా ఒక పరీక్షను చేర్చును: ‘కొలత 0 అయినచో వెనుకకు పొమ్ము’. మరల పరీక్షించినచో కూలదు. పని ముగిసినదని సంతోషించును. పని ముగిసినదా? నేటి యంత్రములలో ప్రాసెసరులు అనేకములు. ఒక ప్రాసెసరు 46వ పంక్తిలో సూచిక సరిగానున్నదని చూచి 47కు పోవు రెప్పపాటులో, రెండవ ప్రాసెసరు 82వ పంక్తిని నడపి దానిని 0 చేయవచ్చును. అట్టిది వేయిమారులలో ఒకమారైనను జరుగకపోవచ్చును. జరిగిననాడు కెర్నెల్ కూలును. సరియైన చికిత్స ఏమనగా, ఇరువురును ఒకే తాళమును వాడవలెను. తాళము చేతనున్న వారే సూచికను చూచుట గాని మార్చుట గాని చేయవలెను. 82వ పంక్తిని డీబగ్గర్ చూపినది. 46కు 47కు నడుమ నున్న సందును మాత్రము మూలపాఠమును నెమ్మదిగా చదివినవారే చూచిరి.

పనిముట్టు తికమక పెట్టు చోట్లు

మొదటిది: కంపైలర్ వేగము కొరకు మన పంక్తుల వరుసను మార్చును, కొన్ని చరరాశులను తీసివేయును. కనుక అడుగు వేయుమన్నచో డీబగ్గర్ 45 నుండి 52కు, అచటినుండి 46కు గెంతవచ్చును. ఒక్కొక్కప్పుడు అడిగిన చరరాశి ఇప్పుడు లేదని చెప్పును. అది పనిముట్టు చెడిపోవుట కాదు.

రెండవది: దుర్మార్గులకు చిరునామాలు తెలియకుండుటకై నేటి కెర్నెల్ యంత్రమును తెరచినప్పుడెల్ల తన చోటును మార్చుకొనును. అప్పుడు గుర్తుల పుస్తకములోని చిరునామాలన్నియు తప్పిపోవును. నిలుపు గుర్తు ఎన్నడును తగులదు. పరిశోధించునప్పుడు ‘నోకేఏఎస్ఎల్ఆర్’ అను మాటను కెర్నెల్‌కు ఇచ్చి ఆ అలవాటును మాన్పింతురు.

మూడవది కఠినమైనది. ప్రాసెసరుల పోటీవలన కలుగు దోషములు వేళను బట్టి యుండును. డీబగ్గర్ యంత్రమును ఆపినచో వేళలు మారి, దోషమే కనబడకుండ పోవచ్చును. చూడబోయినంతనే మారిపోవు ఇట్టి దోషములను హైసెన్‌బర్గ్ అను భౌతిక శాస్త్రజ్ఞుని పేరు తలపించునట్లు ‘హైసెన్‌బగ్’ అందురు. 1985లో జిమ్ గ్రే వ్రాసిన ప్రసిద్ధమైన నివేదికలో ఈ మాట కలదు. ఇట్టి వానికి యంత్రమును ఆపక, జరుగుచున్నదానిని మెమరీలో వ్రాసికొనుచు పోవు పద్ధతులే తగినవి.

ఒక వివాదము

2000 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ తనకు డీబగ్గరులు ఇష్టము కాదనియు, కెర్నెల్‌లో అట్టిదానిని చేర్చుకొనననియు బహిరంగముగా వ్రాసెను. పనిముట్టు చేతనున్నచో జనులు పైకి కనబడు లక్షణమును మాన్పి అంతటితో ఊరకుందురనియు, అది లేనిచో మూలపాఠమును అర్థము చేసికొని ఆలోచింపక తప్పదనియు ఆయన భావము. అనేకులు ఒప్పుకొనలేదు. వేరొకరు వ్రాసిన లక్షల పంక్తులలో, తెలియని పరికరముతో పనిచేయువానికి చూచు సాధనము లేకున్నచో కాలము వృథాయగునని వారి వాదము. ఎనిమిది సంవత్సరములకు కేజీడీబీ లినక్స్‌లో చేరినది.

మన ఉదాహరణములో ఇరుపక్షముల మాటయు నిజమైనది. కావలి గుర్తు లేనిచో 82వ పంక్తిని కనుగొనుటకు దినములు పట్టెడివి. ఆలోచన లేనిచో 46వ పంక్తిలోని పరీక్షతో తృప్తిపడి, కెర్నెల్‌లో మరింత అరుదుగా కూలు దోషమును విడిచిపెట్టెడివారము. అరుదైన దోషము కనబడు దోషము కంటె చెడ్డది. ఎక్కడ అని డీబగ్గర్ చెప్పును. ఎందుకు అని చెప్పదు.

తరగతిలో

ఉపాధ్యాయులు దీనిని ప్రయోగశాలలోని ఇతర ప్రయోగములవలెనే నడపవచ్చును. కెర్నెల్‌నే తెరువనక్కరలేదు. ఇరువది పంక్తుల సీ ప్రోగ్రాములో తప్పు నొకదానిని పెట్టి, గుర్తులతో కంపైల్ చేసి, జీడీబీతో చూపినను మూలసూత్రము అదియే. తరువాత ఉత్సాహవంతులు క్వెములో లినక్స్‌ను నిలుపవచ్చును. నియమము ఒక్కటి పెట్టుట మేలు: నిలుపు గుర్తు పెట్టక ముందు విద్యార్థి తన ఊహను నోటు పుస్తకములో వ్రాయవలెను – ఏ పంక్తి యొద్ద, ఏ చరరాశి, ఏ విలువ కలిగియుండునని. పిమ్మట చూడవలెను. ఊహ తప్పినచో ఆ తప్పిన చోటనే అతడు క్రొత్తది నేర్చుకొనును. లోలకముతో ప్రయోగము చేయునప్పుడు మనము నేర్పు పద్ధతియు ఇదియే గదా.